ఉమ్మడి బావి: జావాస్క్రిప్టులో వారసత్వం కథ

కిందటి వేసవి సెలవుల్లో ఒక మధ్యాహ్నం. బయట ఖఫ్జీ ఎండ, లోపల ఏసీ హోరు. పదో తరగతికి వచ్చిన మా అమ్మాయి కంప్యూటరు ముందు కూర్చుని జావాస్క్రిప్టు నేర్చుకుంటోంది. ‘జంతువు’ అని ఒక క్లాసు రాసింది. దానికి వారసురాలిగా ‘కుక్క’ అని ఇంకో క్లాసు రాసింది. కుక్క బాగానే మొరిగింది. అంతటితో ఊరుకోక, ‘టైపాఫ్’ అనే మాట వాడి, నువ్వు ఏ జాతిదానివి అని ఆ క్లాసునే అడిగింది.

“నాన్నా, నేను రాసింది క్లాసు కదా! ఇదేమిటి, నేను ఫంక్షన్ని అంటోంది?”

రెండు మాటల్లో చెప్పేద్దామని నోరు తెరిచాను. ముప్ఫై ఏళ్ళ చరిత్ర వచ్చి గొంతుకు అడ్డం పడింది. ఆ రోజు దానికి చెప్పినదీ, చెప్పలేక వదిలేసినదీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. ప్రోగ్రాములు రాయని పాఠకులు కూడా నిర్భయంగా చదవచ్చు. మనలో చాలామంది ఇళ్ళల్లో ఒకరైనా ఈ భాషను నమ్ముకునే ఉద్యోగం చేస్తున్నారు. ఆ ఒకరు రాత్రి పదకొండింటికి కూడా భోజనానికి లేవకపోతే, దేనితో కుస్తీ పడుతున్నారో కొంతైనా తెలుస్తుంది.

వారసత్వం అనగానే మనకు ఆస్తులు గుర్తుకొస్తాయి కనుక అక్కడి నుంచే మొదలుపెడతాను. మన పెద్దలకు ఈ విషయంలో రెండు దారులుండేవి. విజ్ఞానేశ్వరుడి మితాక్షర ప్రకారం కొడుక్కి తాతముత్తాతల ఆస్తిలో పుట్టుకతోనే హక్కు వస్తుంది. బెంగాలులో నడిచిన దాయభాగం ప్రకారం తండ్రి పోయాకే ఆ హక్కు. తెలుగునాట చెల్లింది మితాక్షర. దాన్ని పదమూడో శతాబ్దంలోనే కేతన ‘విజ్ఞానేశ్వరము’ పేరుతో తెలుగు చేశాడు. కూతుళ్ళకు కూడా పుట్టుకతో సమాన హక్కు కావాలని ఆంధ్రప్రదేశ్ చట్టం చేసింది 1985 నుంచి. దేశమంతటికీ ఆ హక్కు 2005లో వచ్చింది. ఈ సంగతి మా అమ్మాయికి చెబితే జావాస్క్రిప్టు కన్నా ఇదే బాగుందంది.

ఉమ్మడి కుటుంబంలో మనవడి పేరిట బావి ఉండదు. నీళ్ళు కావాలంటే తాతగారి పెరట్లోకి వెళ్ళి తోడుకుంటాడు. తాతగారు బావికి కొత్త గిలక వేయిస్తే మనవడికీ ఆ గిలకే. బావి ఎండితే అందరికీ ఎండుతుంది. పంపకాలు అయిపోయాక సంగతి వేరు: ఆ తర్వాత తాతగారు తవ్వించిన బావిలో మనవడికి వాటా రాదు. ఈ రెండు స్థితులూ గుర్తుపెట్టుకుంటే ఈ వ్యాసంలో సగం అర్థమైనట్టే.

నేను ఉంటున్న ఊరు కూడా ఇందుకు సాక్ష్యమే. 1922లో ఉకైర్ అనే చోట, బ్రిటిషు అధికారి పెర్సీ కాక్స్ పెద్దరికంలో, కువైటుకీ ఇప్పటి సౌదీ అరేబియాకీ మధ్య సరిహద్దు గీశారు. తేలని ముక్కను ‘తటస్థ ప్రాంతం’ అని వదిలేసి, ఇద్దరికీ సమాన హక్కు అన్నారు. 1960లో జపానువారి అరేబియన్ ఆయిల్ కంపెనీ ఖఫ్జీ ఎదుట సముద్రంలో చమురు కనుగొంది. 1965 ఒప్పందంతో పైనున్న నేలను పంచుకున్నారు గాని కింద ఉన్న చమురును పంచుకోలేదు. అది ఇప్పటికీ చెరిసగమే. 2014 అక్టోబరులో ఖఫ్జీ క్షేత్రం ఆగిపోతే రెండు దేశాలకూ ఆగింది. 2019 డిసెంబరులో ఒప్పందం కుదిరి 2020లో మళ్ళీ మొదలైంది. ఆ అయిదేళ్ళు మా ఊళ్ళో అద్దె ఇళ్ళు ఎన్ని ఖాళీగా ఉన్నాయో మాకు తెలుసు.

ఇక కంప్యూటరు వారసత్వానికి వద్దాం. దీని పుట్టిల్లు నార్వే రాజధాని ఆస్లో. అక్కడి నార్వేజియన్ కంప్యూటింగ్ సెంటరులో ఓలే-యోహాన్ డాల్, క్రిస్టెన్ నిగార్డ్ అనే ఇద్దరు 1967లో ‘సిమ్యులా 67’ అనే భాషను తెచ్చారు. క్లాసు, దాని కింద ఉపక్లాసు అనే ఏర్పాటు అందులోంచే లోకానికి వచ్చింది. క్లాసు అంటే అచ్చు. ఇడ్లీ రేకు లాంటిది. రేకు ఉంటే ఎన్ని ఇడ్లీలైనా వస్తాయి, కాని రేకు స్వయంగా ఇడ్లీ కాదు, దాన్ని తినలేం. తర్వాత వచ్చిన స్మాల్‌టాక్, సీ ప్లస్ ప్లస్, జావా అన్నీ తమ తమ పద్ధతిలో ఈ రేకుల వంశంలోవే. నేను చదివింది మెకానికల్ ఇంజనీరింగు. మా కాలంలో అందరిలాగే మూడు నెలల జావా కోర్సు పుణ్యమా అని సాఫ్ట్‌వేరులో పడ్డాను. కనుక నాకూ లోకమంతా ఇడ్లీ రేకులే అనిపించేది.

రేకు అక్కర్లేదన్న వాళ్ళు కూడా ఉన్నారు. డేవిడ్ ఉంగర్, ర్యాండల్ స్మిత్ అనే ఇద్దరు 1986లో జిరాక్స్ వారి పరిశోధనశాలలో ‘సెల్ఫ్’ అనే భాషకు రూపకల్పన చేశారు. 1987లో దాని మీద వ్యాసం ప్రకటించారు. అందులో క్లాసులే లేవు. ఉన్నవన్నీ వస్తువులే. కొత్త వస్తువు కావాలంటే ఉన్న వస్తువును చూసి ఇంకొకటి చేసుకోవడమే. కొండపల్లి బొమ్మల వాళ్ళు ఎదురుగా ఒక బొమ్మ పెట్టుకుని తెల్లపొణికి చెక్కతో మరో బొమ్మ చెక్కుకున్నట్టు. తన దగ్గర లేనిదాన్ని ఎవరైనా అడిగితే, ఆ వస్తువు తన పెద్దను అడుగుతుంది. పెద్ద దగ్గరా లేకపోతే ఆ పైవారిని. ఇలా అడుక్కుంటూ పోయే వరుసే గొలుసు. ఆ పెద్దనే తర్వాత జావాస్క్రిప్టులో ‘ప్రోటోటైపు’ అన్నారు.

1995 ఏప్రిల్లో బ్రెండన్ ఐక్ అనే ఇంజనీరు నెట్‌స్కేప్ కంపెనీలో చేరాడు. బ్రౌజరులో ‘స్కీము’ అనే ముచ్చటైన భాషను పెట్టవచ్చని చెప్పి తీసుకున్నారట. చేరాక, చూడటానికి జావాలా ఉండాలన్నారు. మే నెలలో పదిరోజుల్లో మొదటి నమూనా తయారుచేశాడు. దాని పేరు మోకా. ఆ తర్వాత లైవ్‌స్క్రిప్టు. డిసెంబరు 4న సన్ కంపెనీతో కలిసి చేసిన ప్రకటనలో జావాస్క్రిప్టు. పేరు జావాది, ఫంక్షన్ల స్వభావం స్కీముది, వారసత్వం సెల్ఫ్‌ది. అప్పుడే క్లాసులు కూడా పెట్టి ఉంటే జావాకు పోటీ తెస్తున్నావని తనకు అక్షింతలు పడేవని ఐక్ తర్వాత చెప్పుకున్నాడు. ఇందులో ఇంకో విచిత్రం ఉంది. సెల్ఫ్ బృందం 1991 నుంచీ సన్ కంపెనీలోనే పనిచేస్తూ వచ్చింది. సొంత ఇంట్లో జావా ముందు నిలబడలేకపోయిన పిల్ల, జావా చీర కట్టుకుని పక్కింటి గుమ్మంలోంచి లోకం మీదికి వెళ్ళిపోయింది.

1996 ఆగస్టులో నావిగేటర్ 3తో వచ్చిన జావాస్క్రిప్టు 1.1లో ఈ ప్రోటోటైపు మామూలు ప్రోగ్రామర్ల చేతికి వచ్చింది. దాన్ని అందించిన తీరే చిక్కు తెచ్చింది. జావాలాగా కనబడాలి కనుక ‘న్యూ’ అనే మాట పెట్టారు. ‘న్యూ’తో పిలవడానికి క్లాసు లేదు కనుక ఫంక్షనునే పిలవాలి. ఆ ఫంక్షను కొత్త వస్తువుకు బారసాల చేస్తుంది: పేరు పెట్టి, కావలసినవి చేతికిస్తుంది. దీనినే కన్‌స్ట్రక్టరు అంటారు. మా అమ్మాయి ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. 1996 నుంచీ ఆ పనిచేస్తున్నది ఫంక్షనే. ఇప్పుడు పైన క్లాసు అని బోర్డు మారింది, దుకాణం అదే.

మొదటి పదేళ్ళూ ఎవరికీ ఇది పెద్దగా పట్టలేదు. బొత్తాం మీదికి మౌసు వెళ్తే రంగు మార్చడానికి వారసత్వం ఎందుకు? 2004 ఏప్రిల్లో జీమెయిలు, 2005 ఫిబ్రవరిలో గూగుల్ మ్యాప్సు వచ్చాక బ్రౌజరులో నిజమైన ప్రోగ్రాములు రాయవచ్చని తెలిసింది. జావా చదువుకుని వచ్చిన నాలాంటివాళ్ళం గుంపులుగా వచ్చిపడ్డాం. వచ్చీ రాగానే, మా ఇడ్లీ రేకు ఏదీ అని అడిగాం.

నేను ఖఫ్జీకి వచ్చింది 2007లో, ఒక కాంట్రాక్టు కంపెనీ తరఫున. ప్లాంటులో వాల్వులు, పంపులు, పీడన పాత్రలు తనిఖీ చేసేవాళ్ళు రాసే రిమార్కులను కాగితాల మీంచి బ్రౌజరులోకి ఎక్కించడం పని. ‘ఎక్విప్‌మెంటు’ అని ఒకటి రాశాను. దాని బారసాలలో రిమార్కుల కోసం ఒక ఖాళీ జాబితా ఇచ్చే ఏర్పాటు చేశాను. దానికి వారసుడిగా ‘వాల్వు’ రాశాను. ఇద్దరికీ బంధుత్వం కలపడానికి అప్పట్లో పుస్తకాలన్నిటిలో ఉన్న పద్ధతే పాటించాను: ‘న్యూ’ అని ఒక ఎక్విప్‌మెంటును పుట్టించి, దాన్ని వాల్వులన్నిటికీ పెద్దగా కూర్చోబెట్టాను.

మెలిక అక్కడే ఉంది. బంధుత్వం కలపడానికని పిలిస్తే ఆ ఫంక్షను అలవాటు కొద్దీ బారసాల కూడా చేసి, ఆ పెద్ద చేతికి ఒక జాబితా ఇచ్చేసింది. వాల్వుల బారసాలలో ఎక్విప్‌మెంటు బారసాలను మళ్ళీ పిలవాలని నాకు తోచలేదు. కనుక ఏ వాల్వుకీ సొంత జాబితా లేదు. ఫలానా వాల్వు రిమార్కులు అని అడిగితే అది పైకి వెళ్ళి పెద్దాయన జాబితాను చూపిస్తుంది. నలభై వాల్వులకూ అదొక్కటే పద్దు పుస్తకం. వాల్వు నంబర్లు మాత్రం వేటికవి సరిగ్గానే ఉండేవి, ఎందుకంటే వాటిని వాల్వు బారసాలలో ఇచ్చాను. సొంతంగా రాసుకున్నది తన దగ్గరే ఉంటుంది. ఉమ్మడి పుస్తకంలో రాసింది అందరికీ కనిపిస్తుంది. ఒక్క వాల్వుతో పరీక్షించి, బ్రహ్మాండంగా ఉందనుకుని అప్పగించేశాను.

2008 జనవరిలో ఒక సాయంత్రం మా ఇన్‌స్పెక్టరు నా క్యాబిన్‌కి వచ్చారు. శ్రీకాకుళం ఆయన. గల్ఫులో పాతికేళ్ళ సర్వీసు, మేమంతా పెద్దాయన అనే పిలిచేవాళ్ళం.

“ఏటి బాబూ, ఒక వాల్వుకి జొరమొస్తే లైనంతటికీ రాసీసినావు?”

ఒక వాల్వు గ్లాండు దగ్గర లీకు ఉందని ఆయన రాసిన రిమార్కు నలభై వాల్వుల మీదా కనిపిస్తోంది. నేను చూస్తానని చెప్పి, మర్నాడు చూద్దామనుకున్నాను. రాత్రి షిఫ్టులో గుమాస్తా ఒకతను ఇదంతా కంప్యూటరు చెత్త అనుకుని, ఏదో ఒక వాల్వు దగ్గర ‘తుడిచేయి’ అని నొక్కి భద్రపరిచేశాడు. ఉమ్మడి పుస్తకం ఖాళీ అయింది. నలభై వాల్వులూ ఆరోగ్యంగా ఉన్నట్టు రిపోర్టు వెళ్ళింది. అసలు లీకు ఉన్నది కూడా. ఆ లైనులో పోయేది పీలిస్తే ప్రాణం మీదికి వచ్చే గ్యాసు.

పెద్దాయన చొక్కా జేబులో చిన్న నోటు పుస్తకం ఉండబట్టి, పొద్దున్నే రిపోర్టు చూసి ఆయన అరిచి గోలచేయబట్టి, ఆ వాల్వును మధ్యాహ్నంలోగా బాగుచేశారు. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. దోషం నాదని తెలిసింది నా ఒక్కడికే. మూడు రాత్రులు కూర్చుంటే తప్ప అది ఎక్కడుందో నాకూ దొరకలేదు.

ఆ మూడు రాత్రుల తర్వాత, లోకంలో ఇంకెవరెవరు ఈ గోతిలో పడ్డారో వెతకడం మొదలుపెట్టాను. దాదాపు అందరూ పడ్డవాళ్ళే. పడ్డ ప్రతివాడూ తలా ఒక నిచ్చెన తయారుచేశాడు. అందులో పెద్ద నిచ్చెనలు మాకు పనికిరావు. సౌదీలో ఇంటర్నెట్టు ప్రజలకు అందుబాటులోకి వచ్చిందే 1999లో. దూరపు క్యాబిన్లలో మాకు ఇంకా ఫోను లైను మోడెమే గతి. క్షణానికి అయిదు కిలోబైట్లు వస్తే గొప్ప. శామ్ స్టీఫెన్సన్ 2005లో మొదలుపెట్టిన ‘ప్రోటోటైపు’ లైబ్రరీ ఉన్నదున్నట్టుగా నూరు కిలోబైట్లు దాటేది. అంటే వాల్వు నంబరు కనబడే ముందు ఇరవై సెకన్లకు పైగా తెల్ల తెర. వారసత్వం కోసం ఇల్లంతా మోసుకురాకుండా తాళంచెవి ఒక్కటీ తెచ్చుకునే ఉపాయం కావాలి.

అన్నిటిలోకీ చిన్న ఉపాయం డగ్లస్ క్రాక్‌ఫర్డ్‌ది. అప్పట్లో ఆయన యాహూలో ఉండేవాడు. 2006లో చూపించిన ఆ ఫంక్షను లోపల ఉన్నవి మూడే వరుసలు. ఒక ఖాళీ ఫంక్షను చేయి. దానికి ప్రోటోటైపుగా నీకు కావలసిన పెద్దను పెట్టు. దానితో ‘న్యూ’ అని ఒక వస్తువును పుట్టించి ఇచ్చెయ్యి. ఖాళీ ఫంక్షను కనుక బారసాల ఏమీ చేయదు, ఎవరి చేతిలోనూ ఏమీ పెట్టదు. అచ్చంగా మన పెళ్ళిళ్ళ పేరయ్యే: రెండు వైపులా కలిపేసి, తాంబూలం కూడా అడగకుండా వెళ్ళిపోతాడు. నా లీకు వాల్వుకు మందు ఈ మూడు వరుసల్లోనే ఉంది. ఈ పేరయ్య కలిపి ఉంటే పెద్దాయన చేతిలో జాబితా ఉండేది కాదు. వాల్వు బారసాలలో నేను మరిచిపోయిన పని మొదటి పరీక్షలోనే బయటపడేది. అంతకు ముందు క్రాక్‌ఫర్డ్ కూడా జావా పద్ధతి క్లాసులను ఇందులో అనుకరించే ఉపాయాలు రాసినవాడే. ఆ ప్రయత్నాలు పొరపాటని తన పాత వ్యాసానికి తానే ఒక మాట చేర్చాడు. కంప్యూటరు రంగంలో ఇలా ఒప్పుకోవడం అరుదు.

అయినా మాకు రేకులంటే మోజు పోలేదు. నా అభ్యంతరం కూడా సహేతుకమే అనుకుంటాను: నలుగురు కలిసి రాసే ప్రోగ్రాములో అందరికీ తెలిసిన ఒక ఆకారం ఉండాలి. పైగా వారసుడు తన పద్ధతి చేస్తూ మధ్యలో ‘మా నాన్న చేసినట్టు చేసి, ఆపైన నాది’ అనాలంటే ముడి జావాస్క్రిప్టులో చాంతాడంత రాయాలి. డీన్ ఎడ్వర్డ్స్ 2006 మార్చిలో ‘బేస్’ అనే చిన్న లైబ్రరీతో దీన్ని తేలిక చేశాడు. 2007 నవంబరులో వచ్చిన ‘ప్రోటోటైపు’ 1.6 ఇంకో తమాషా చేసింది. పద్ధతి తీసుకునే మొదటి పేరు ‘డాలర్ సూపర్’ అయితే, తండ్రి పద్ధతిని తెచ్చి ఆ చేతిలో పెడుతుంది.

2008 మార్చిలో జేక్వెరీ కర్త జాన్ రెసిగ్ ఈ రెండిటినీ చూసి నేర్చుకుని, సుమారు పాతిక వరుసల్లో తన ఉపాయం ప్రకటించాడు. నాకు అది గోతిలోంచి బయటపడ్డ రెండు నెలలకు దొరికింది. అందులో ఒక జెండా ఉంటుంది. బంధుత్వం కలిపేటప్పుడు జెండా ఎత్తుతారు. జెండా ఎత్తి ఉంటే బారసాల జరగదు. నా మూడు రాత్రులకూ ఒక్క జెండాతో జవాబు! ఇంకొకటి: వారసుడి పద్ధతి మొదలయ్యే ముందు తండ్రి పద్ధతిని ‘సూపర్’ అనే పేరుతో పక్కన నిలబెట్టి, పని అవగానే తీసేస్తుంది. ఏ పద్ధతికి తండ్రి అవసరమో తెలుసుకోవడానికి, ఆ ఫంక్షను పాఠాన్నే అక్షరాలుగా తీసి అందులో ఆ మాట ఉందా అని వెతుకుతుంది. అది చూసి చప్పట్లు కొట్టాలో, భయపడాలో తెలియలేదు. అయినా మర్నాడే తెచ్చి మా ప్రోగ్రాములో పెట్టాను. మోడెము మీద కూడా క్షణంలో దిగింది.

ఆ వారసత్వాలలో కాపీ చేసేవి కూడా ఉండేవి. పెద్ద దగ్గరున్న పద్ధతులన్నీ వారసుడి చేతిలో ఒకసారి పోసేసి తెగతెంపులు చేసుకుంటాయి. పంపకాలు అయిన ఇల్లన్నమాట. తర్వాత పెద్ద దగ్గర ఏదైనా బాగుచేస్తే వారసుడికి అందదు. ఒక్కోసారి అదే మంచిది, పెద్దవాళ్ళు చెడగొట్టినా అంటదు.

భాషలోనే క్లాసులు పెట్టేద్దామని సంఘంవారు చాలాకాలంగా కొట్టుకుంటూనే ఉన్నారు. ఎక్మా నాలుగో ప్రమాణంలో పెట్టాలని ఒక పక్షం. ఇంత బరువు మోయలేమని మైక్రోసాఫ్టు, యాహూ పక్షం. చివరికి 2008 జులైలో ఒక సమావేశంలో నాలుగో ప్రమాణాన్ని పక్కన పెట్టేశారు. ఆ సమావేశం జరిగిన ఊరు ఏదనుకున్నారు? ఆస్లో. క్లాసు పుట్టిన ఊళ్ళోనే జావాస్క్రిప్టు క్లాసుకు ముహూర్తం వాయిదా పడింది.

2009 డిసెంబరులో వచ్చిన అయిదో ప్రమాణంలో క్రాక్‌ఫర్డ్ మూడు వరుసలూ ‘ఆబ్జెక్ట్ క్రియేట్’ అనే పేరుతో భాషలో భాగమయ్యాయి. 2015 జూన్లో ఆరో ప్రమాణంతో క్లాసు, ఎక్స్‌టెండ్స్, సూపర్ అనే మాటలు వచ్చాయి. సాధ్యమైనంత తక్కువ పెడదాం, గొడవపడేవన్నీ తర్వాత చూద్దాం అన్న షరతు మీదే ఆ రాజీ కుదిరింది. అందుకే లోపల గొలుసు అలాగే ఉంది, మా అమ్మాయి అడిగితే ఫంక్షన్నని నిజం చెప్పేసింది. ఒక్క మేలు మాత్రం మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. వారసుడి కన్‌స్ట్రక్టరులో తండ్రి బారసాలను పిలవకుండా సొంత వస్తువును ముట్టుకుంటే ఇప్పుడు భాషే కేకవేసి ఆపేస్తుంది. నేను 2008లో మరిచిపోయినది సరిగ్గా అదే. 2022 ప్రమాణంలో చేరిన ఫీల్డుల వల్ల జాబితాను క్లాసులో పైనే రాసినా, పుట్టిన ప్రతి వస్తువుకూ ఎవరి పద్దు వారికే అందుతుంది.

మా పెద్దాయన రిటైరై సొంత ఊరు వెళ్ళిపోయారు. వెళ్ళేముందు ఆ నోటు పుస్తకం నాకు ఇమ్మని అడిగితే, ఇంకా నాలుగు పేజీలున్నాయని ఇవ్వలేదు. పాతిక వరుసల వారసత్వం మీద నడిచిన ఆ ప్రోగ్రామును ఇంకొకరు కొత్త క్లాసులతో తిరగరాశారు. అందులో వాల్వుల జాబితా తెరిచి, రెండు వాల్వులకు వేర్వేరు రిమార్కులు రాసి చూశాను. వేటికవే ఉన్నాయి.

ఇదంతా విన్నాక మా అమ్మాయి కుక్కకు పెద్ద ఎవరని అడిగింది. గొలుసు పట్టుకుని పైకి వెళ్ళడం చూపించాను. కుక్క మీద జంతువు, జంతువు మీద ‘ఆబ్జెక్ట్’ వారి ప్రోటోటైపు. దాని మీద ఎవరున్నారో తనే టైపు చేసి చూసుకుంది. ‘నల్’ అని వచ్చింది.

“అంటే ఆయన్ని అడిగినా లేకపోతే?”

“లేదనే చెబుతుంది. అన్‌డిఫైన్డ్ అని.”

అది సరేనని ఇంకో కుక్కను పుట్టించి, దానికి ఒక బొమ్మల జాబితా ఇచ్చింది. రెండో కుక్క దగ్గర కూడా అవే బొమ్మలు కనిపిస్తున్నాయా అని చూడటం మొదలుపెట్టింది.